చిన్న బైక్ మీద గేర్లు మార్చడం, వెనక చక్రాన్ని అదుపులో పెట్టుకోవడం: అంచెలంచెలుగా

బైక్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి రెండే. ఏ స్పీడులో ఏ గేరు వెయ్యాలి? గేరు తగ్గించినప్పుడల్లా బండి వెనక భాగం ఎందుకు గుంజుతోంది?

రెండింటికీ మూలం ఒకటే. క్లచ్, యాక్సిలరేటర్, గేరు, వెనక బ్రేకు, ఈ నాలుగూ చివరికి పనిచేసేది వెనక చక్రం మీదే. ఆ చక్రానికి ఇప్పుడు లాగుడు కావాలా, పట్టి ఆపడం కావాలా, లేక దాని మానాన దొర్లనివ్వాలా అన్నది తెలిస్తే గేరు ఎంచుకోవడం సులువవుతుంది. అందుకే ఇక్కడ రెండూ కలిపే చెబుతున్నాను.

ఇది 100 నుంచి 160 సీసీ బండ్లకు సరిపోతుంది. ఎడమ చేతికి క్లచ్, ఎడమ కాలికి గేరు, కుడి కాలికి వెనక బ్రేకు ఉన్న బండి అనుకుని చదవండి.

## 1. ముందు బండిని చూసుకోండి

నేర్చుకునేవాళ్ల తప్పు అనుకునేవాటిలో చాలా మటుకు బండి తప్పులే. చైన్ లూజుగా ఉన్న బండి మీద ఎంత జాగ్రత్తగా క్లచ్ వదిలినా జెర్క్ వస్తుంది. కాబట్టి ఎక్కే ముందు ఇవి చూడండి:

- క్లచ్ లివర్ చివర కొద్దిగా లూజు ఉండాలి. చాలా బండ్లలో ఇది 10 నుంచి 20 మిల్లీమీటర్లు. అసలు లూజు లేకపోతే క్లచ్ ప్లేట్లు జారుతూ అరిగిపోతాయి. మరీ ఎక్కువుంటే లివర్ పూర్తిగా నొక్కినా క్లచ్ విడవదు, గేర్లు కటకటమంటాయి.
- చైన్‌ను కింది వైపు మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడించండి. చాలా చిన్న బండ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి.
- టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎంత ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది, చాలా బండ్ల మీద స్టిక్కర్ కూడా ఉంటుంది.
- వెనక బ్రేకు పెడల్ కాలికి అందే ఎత్తులో ఉండాలి. పాదం పైకెత్తి నొక్కాల్సి వస్తే సున్నితంగా నొక్కడం కుదరదు. ఎత్తు సరిచేయించుకోండి.
- ఇంజన్ ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు నడిచే తీరు, నిలకడగా ఉండాలి. ఊరికే ఆగిపోయే బండి మీద హాఫ్ క్లచ్ (క్లచ్‌ని సగం వదిలి పట్టుకోవడం) నేర్చుకోలేరు.
- ఇంజన్ ఆయిల్ బైకులకు పనికొచ్చేదే అయి ఉండాలి. ఈ బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి. కార్లకు వాడే కొన్ని ఆయిల్స్ పోస్తే ప్లేట్లు జారతాయి. డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA) లేదా ఎంఏ2 (MA2) అని, అంటే ఇలాంటి క్లచ్‌కి సరిపోతుందనే గుర్తు, ఉందో లేదో చూసుకోండి.

హెల్మెట్, చేతి గ్లవ్స్, చీలమండ కప్పే బూట్లు తప్పనిసరి. చెప్పులేసుకుని గేరు నేర్చుకోవద్దు. కాలి వేళ్లకు దెబ్బ తగులుతుందన్నది ఒక కారణం, గేర్ లివర్ ఎంత కదిలిందో తెలియకపోవడం రెండోది.

స్థలం చదునుగా, ఖాళీగా, ఇసుక లేకుండా ఉండాలి. మార్కింగ్‌కి చాక్‌పీస్, నాలుగు ఖాళీ బాటిళ్లు చాలు.

## 2. ఇంజన్ ఆపి గేర్ల వరస నేర్చుకోండి

అన్ని బండ్ల గేర్ వరసా ఒకటి కాదు. ఎక్కువ బండ్లలో ఫస్ట్ కిందికి, న్యూట్రల్ (ఏ గేరూ పడని చోటు) ఫస్ట్‌కీ సెకండ్‌కీ మధ్య, మిగతావన్నీ పైకి. కొన్ని నాలుగు గేర్ల బండ్లలో మాత్రం అన్ని గేర్లూ ముందు వైపు కిందికే నొక్కాలి, తగ్గించడానికి మడమతో వెనక వైపు నొక్కాలి.

ఈ తేడాని తేలిగ్గా తీసుకోకండి. ఒక రకానికి అలవాటుపడిన కాలు రెండో రకం బండి మీద థర్డ్ అనుకుని ఫస్ట్ వేస్తుంది. అప్పుడు వెనక చక్రం ఒక్కసారిగా పట్టేసి జారుతుంది. ఎవరి బండి తీసుకున్నా, కదిలే ముందు వరస అడిగి తెలుసుకోండి.

సాధన ఇలా:

1. ఇంజన్ ఆపి, తాళంచెవి బయటికి తీసి, సెంటర్ స్టాండ్ వెయ్యండి.
2. ఎడమ చేత్తో క్లచ్ నొక్కండి. కాలితో ఒక గేరు వేసి, లివర్‌ని పూర్తిగా వదిలెయ్యండి. కాలు దాని మీదే ఉంచితే తర్వాతి గేరు పడదు.
3. గేరు పడనని మొండికేస్తే వెనక టైరుని అరచేత్తో కొద్దిగా తిప్పండి. వేళ్లు చైన్ దగ్గరికీ చువ్వల మధ్యకీ పోకూడదు.
4. ఇలా పై గేరు దాకా వెళ్లి, మళ్లీ ఒక్కొక్కటిగా కిందికి రండి.
5. చివరగా కళ్లు మూసుకుని చెయ్యండి. నోటితో గేరు నంబరు చెబుతూ వేస్తే ఇంకా మంచిది.

ఆగి ఉన్న బండిలో గేరు పడకపోవడం లోపం కాదు. లోపలి పళ్లు ఒకదానికొకటి ఎదురుగా నిలబడి ఉంటాయి. చక్రం కాస్త కదిలితే సర్దుకుంటాయి. రోడ్డు మీద ఇదే జరిగితే కాలితో తన్నకండి. క్లచ్ ఒక్క రవ్వ వదిలి మళ్లీ నొక్కి ప్రయత్నించండి.

## 3. హాఫ్ క్లచ్: ఇక్కడే ఎక్కువ సేపు ఉండండి

క్లచ్ అంటే నొక్కడం, వదలడం అని రెండే ఉన్నట్టు చాలామంది నేర్చుకుంటారు. అసలు పనంతా ఆ రెండింటి మధ్యలో ఉంది. లివర్ ప్రయాణంలో ఒక చిన్న భాగంలో ఇంజన్ బలం చక్రానికి కొద్దికొద్దిగా చేరుతుంది. అదే హాఫ్ క్లచ్. అది ఎక్కడ మొదలవుతుందో మీ వేళ్లకు తెలిసేదాకా సెకండ్ గేరు గురించి ఆలోచించనక్కర్లేదు.

మొదటి సాధన, యాక్సిలరేటర్ లేకుండా:

1. క్లచ్ నొక్కి ఫస్ట్ గేరు వేసి, రెండు కాళ్లూ నేల మీద పెట్టండి.
2. క్లచ్‌ని చాలా మెల్లగా వదలండి. ఒకచోట ఇంజన్ శబ్దం బరువెక్కుతుంది, బండి ముందుకు పోదామని చూస్తుంది. అక్కడ వేళ్లు ఆపండి.
3. బండి ఒక అడుగు కదలగానే మళ్లీ క్లచ్ నొక్కి ఆపండి. కాళ్లతో వెనక్కి నెట్టుకుని మళ్లీ చెయ్యండి.
4. ప్రతిసారీ ఒకే చోట వేళ్లు ఆగుతున్నాయంటే తర్వాతి దానికి వెళ్లొచ్చు.

రెండో సాధనలో కొద్దిగా యాక్సిలరేటర్ ఇచ్చి దాన్ని కదపకుండా ఉంచండి. స్పీడుని క్లచ్‌తోనే పెంచండి, తగ్గించండి. నడిచే మనిషి వేగంతో 20 మీటర్లు నేరుగా వెళ్లగలగాలి. చూపు దూరంగా ఉండాలి. ముందు చక్రాన్ని చూస్తే బండి ఊగుతుంది.

మూడోది దీనికి వెనక బ్రేకు జోడించడం. హాఫ్ క్లచ్‌లో, కాస్త రేజ్‌లో (యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి) ఉండగా కుడి కాలితో పెడల్‌ని తాకీ తాకనట్టు నొక్కండి. ఇంజన్ లాగుతుంటే బ్రేకు పట్టుకుంటుంది. ఆ రెండింటి మధ్య బండి చాలా నిలకడగా నడుస్తుంది. ట్రాఫిక్‌లో పాకడానికీ, ఇరుకు చోట వెనక్కి తిప్పుకోవడానికీ ఇంతకంటే పనికొచ్చే విద్య లేదు. బాటిళ్లు పెట్టి ఎనిమిది ఆకారంలో తిప్పండి. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు మాత్రం ముట్టుకోకండి, బండి అక్కడికక్కడే పడిపోతుంది.

ఇలా ఎక్కువసేపు చేస్తే క్లచ్ వేడెక్కుతుంది. కాలిన వాసన వస్తే ఆపి చల్లారనివ్వండి.

## 4. గేరు పెంచడం

క్రమం ఇది:

1. యాక్సిలరేటర్ మూసెయ్యి.
2. క్లచ్ నొక్కు.
3. గేరు గట్టిగా, ఒక్క కదలికలో వెయ్యి.
4. క్లచ్ వదులు, వదులుతూనే యాక్సిలరేటర్ ఇవ్వు.
5. పాదం లివర్ మీద నుంచి తియ్యి.

ఒకటీ రెండూ దాదాపు ఒకేసారి జరగాలి. క్లచ్ నొక్కాక కూడా యాక్సిలరేటర్ తెరిచే ఉంటే ఇంజన్ గోల పెడుతుంది. ముందే మూసేసి క్లచ్ ఆలస్యం చేస్తే బండి ముందుకు తూగుతుంది.

సగం మనసుతో లివర్ ఎత్తితే గేరు రెండింటి మధ్య ఇరుక్కుని న్యూట్రల్‌లాగా ప్రవర్తిస్తుంది. ఫస్ట్ నుంచి సెకండ్‌కి ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే అసలు న్యూట్రల్ అక్కడే ఉంది. క్లచ్ వదిలినా బండి లాగకపోతే కంగారుపడి రేజ్ చెయ్యొద్దు. మళ్లీ క్లచ్ నొక్కి గేరు పూర్తిగా వెయ్యండి.

మలుపు తిరుగుతూ గేరు పెంచకండి. మలుపు ముందో తర్వాతో చూసుకోవచ్చు.

## 5. ఏ గేరు వెయ్యాలి?

మొదట్లో పట్టుకోవడానికి ఒక అంచనా: కదిలి గంటకు 10-15 కిలోమీటర్ల వేగం దాకా ఫస్ట్, సుమారు 25 దాకా సెకండ్, 35-40 దాకా థర్డ్, ఆపైన నాలుగు, ఐదు. మీ బండి మాన్యువల్‌లో ఈ పట్టిక ఉంటే దాన్నే నమ్మండి.

అయితే స్పీడోమీటర్ చూసి గేరు వేసే అలవాటు నాకు నచ్చదు. అదే 30 కిలోమీటర్ల వేగంలో చదును మీద థర్డ్ హాయిగా లాగుతుంది, ఎత్తెక్కేటప్పుడు అదే థర్డ్ ఏడుస్తుంది. బండి చెప్పేది వినండి:

- యాక్సిలరేటర్ ఇచ్చినా స్పీడు పెరగకుండా ఇంజన్ టకటక కొట్టుకుంటూ వణుకుతోందా? గేరు పెద్దదైంది, ఒకటి తగ్గించండి.
- శబ్దం పలచగా గీపెడుతోందా, హ్యాండిల్, ఫుట్‌రెస్టులు జుమ్మంటున్నాయా? గేరు చిన్నది, పెంచండి.
- యాక్సిలరేటర్ కొంచెం కదిపితే బండి కూడా వెంటనే కొంచెం కదులుతోందా? సరైన గేరులో ఉన్నారు.

చిన్న బండ్లలో టాప్ గేరుతో పోలిస్తే ఫస్ట్ గేరు చక్రానికిచ్చే బలం సుమారు మూడు రెట్లు. అందుకే ఫస్ట్‌లో చెయ్యి కొద్దిగా కదిలినా బండి ఉలిక్కిపడుతుంది. ఇసుక, తడి ఉన్నచోట మెల్లగా వెళ్లడానికి ఫస్ట్ కంటే సెకండ్ మంచిదనేది కూడా ఇందుకే.

## 6. గేరు తగ్గించడం: వెనక చక్రం జారేది ఇక్కడే

థర్డ్‌లో ఇంజన్ నిమిషానికి 4,500 సార్లు తిరుగుతోందనుకోండి. అదే స్పీడులో సెకండ్ పడితే అది 6,000 దాటి తిరగాల్సి ఉంటుంది. క్లచ్ నొక్కి ఉన్న ఆ క్షణంలో ఇంజన్ తిరుగుడు పెరగదు, ఇంకా పడిపోతుంది. ఇప్పుడు క్లచ్ టక్కున వదిలితే ఆ లోటు ఎవరు పూడ్చాలి? వెనక టైరు. రోడ్డుని పట్టుకుని ఇంజన్‌ని బలవంతంగా తిప్పాలి. ఆ పట్టు చాలకపోతే టైరు కిచకిచలాడుతుంది, ఎగిరెగిరి పడుతుంది, పక్కకి జారుతుంది. సీటు కింద నుంచి ఎవరో వెనక్కి లాగినట్టు అనిపించేది అదే.

ఆ లోటుని మనమే పూడ్చడానికి రెండు దారులు.

ఒకటి, క్లచ్‌ని హాఫ్ క్లచ్ దగ్గర ఒక క్షణం ఆపి, ఇంజన్ వేగం అందుకున్నాక పూర్తిగా వదలడం. నేర్చుకునేవాళ్లకు ఇది చాలు.

రెండు, క్లచ్ నొక్కి ఉండగానే యాక్సిలరేటర్‌తో ఒక చిన్న రేజ్ ఇవ్వడం. వరస: క్లచ్ నొక్కు, గేరు తగ్గించు, అదే సమయంలో మణికట్టు చిన్నగా తిప్పి మూసెయ్యి, వెంటనే క్లచ్ వదులు. సరిగ్గా కుదిరితే ఏమీ జరిగినట్టే అనిపించదు, ఇంజన్ శబ్దం మాత్రం ఒక మెట్టు పైకెక్కి ఉంటుంది. బండి వెనక్కి గుంజితే రేజ్ తక్కువైంది. ముందుకు ఉరికితే ఎక్కువైంది.

ఖాళీ స్థలంలో 30 దగ్గర థర్డ్ నుంచి సెకండ్‌కి ఇదొక్కటే పదేపదే చెయ్యండి. బ్రేకు కలపొద్దు. బ్రేకు వేస్తూ రేజ్ ఇవ్వడం కుడి చేతికి రెండు పనులు, అది తర్వాత.

గుర్తుంచుకోవాల్సినవి:

- మొదట రెండు బ్రేకులతో స్పీడు తగ్గించండి, తర్వాత గేరు తగ్గించండి. ఆగడానికి గేరుని బ్రేకులా వాడకండి.
- ఒక్కో గేరూ తగ్గిస్తూ, ప్రతిదానికీ క్లచ్ వదలండి. క్లచ్ నొక్కి పట్టుకుని నాలుగు గేర్లు దించేసి వదిలితే ఏ గేరులో ఉన్నారో మీకే తెలియదు.
- ఫస్ట్ గేరు దాదాపు ఆగబోతుండగానే వెయ్యాలి.
- ఆగేలోపే ఫస్ట్‌కో న్యూట్రల్‌కో వచ్చెయ్యండి. ఆగాక గేర్లు దిగడం కష్టం.
- ఆగినప్పుడు ఎడమ కాలు కింద పెట్టండి. కుడి కాలు బ్రేకు మీదే ఉండాలి.

## 7. వెనక బ్రేకుకి ఉన్న హద్దు

బ్రేకు వేస్తే బరువు ముందుకి వెళుతుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రం తొందరగా లాక్ అవుతుంది, అంటే తిరగడం ఆగిపోయి జారుతుంది. కాబట్టి గట్టిగా ఆపే పని ముందు బ్రేకుదే. వెనక బ్రేకు బండిని కుదురుగా ఉంచడానికీ, నెమ్మది వేగంలో అదుపుకీ. రెండూ కలిపి మొదలుపెట్టి, ముందుది పెంచుతున్నకొద్దీ కాలి ఒత్తిడి తగ్గించాలి.

సాధనకి 20 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి, చాక్‌పీస్ గీత దగ్గర వెనక బ్రేకుతోనే ఆగండి. ప్రతిసారీ కొంచెం ఎక్కువ నొక్కుతూ టైరు శబ్దం మారే చోటుకి దగ్గరగా రండి. కావాలని లాక్ చెయ్యొద్దు. తర్వాత అదే గీత దగ్గర రెండు బ్రేకులతో ఆగి, దూరం ఎంత తగ్గిందో మీరే చూడండి.

ఏబీఎస్ (చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) ఉంది కదా అనుకోకండి. సింగిల్ ఛానల్ ఏబీఎస్ ముందు చక్రాన్నే చూసుకుంటుంది, వెనకది మామూలుగానే లాక్ అవుతుంది. సీబీఎస్ (రెండు బ్రేకుల్నీ కలిపే ఏర్పాటు) ఉన్న బండిలో పెడల్ నొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. అందుకే ఎనిమిది ఆకారంలో తిప్పేటప్పుడు అలాంటి బండి మీద కాలు ఇంకా తేలిగ్గా ఉండాలి.

వెనక చక్రం నిజంగా లాక్ అయితే:

- గేరు తగ్గించగానే జరిగిందా? వెంటనే క్లచ్ నొక్కండి. చక్రం మళ్లీ తిరుగుతుంది.
- బ్రేకు వల్ల జరిగి, బండి ఇంకా నేరుగానే ఉందా? పెడల్ మెల్లగా వదిలి, ఈసారి తక్కువగా నొక్కండి.
- బ్రేకు వల్లే జరిగి, వెనక భాగం అప్పటికే బాగా పక్కకి వచ్చేసిందా? పెడల్ ఒక్కసారిగా వదలకండి. పక్కకి తిరిగి ఉన్న చక్రానికి హఠాత్తుగా పట్టు దొరికితే బండి ఒక్క ఉదుటున లేచి మనిషిని అవతలికి విసిరేస్తుంది. ఆగేదాకా అలాగే నొక్కి, చూపు వెళ్లాల్సిన వైపే ఉంచండి.

## 8. ఎత్తు, పల్లం, జారే నేల

ఎత్తు మీద ఆగి కదలాలంటే వెనక బ్రేకు నొక్కి ఉంచండి. ఫస్ట్ గేరు, కాస్త రేజ్, క్లచ్‌ని హాఫ్ క్లచ్ దాకా వదలండి. ఇంజన్ బరువెక్కి బండి ముందుకు తోసుకొస్తున్నట్టు తెలిశాకే బ్రేకు వదలాలి. ముందే వదిలితే వెనక్కి దొర్లుతుంది.

పల్లంలో క్లచ్ నొక్కిగానీ న్యూట్రల్‌లోగానీ దిగకండి. సెకండో థర్డో వేసి దిగితే ఇంజనే చక్రాన్ని పట్టుకుంటుంది, బ్రేకులు వేడెక్కవు.

గులకరాళ్లు, బురద, తడి రోడ్డు మీద ఒక గేరు ఎక్కువలో, ఒకే తీరు యాక్సిలరేటర్‌తో వెళ్లండి. అలాంటి చోట గేరు మార్చాల్సి వస్తే క్లచ్ మామూలుకంటే రెండింతలు నిదానంగా వదలండి. వెనక చక్రం కొద్దిగా అటూ ఇటూ కదిలితే కదలనివ్వండి. హ్యాండిల్ బిగబట్టడం, బ్రేకు మీద పడటం, ఈ రెండే పడేసేవి.

## 9. తరచూ వచ్చే ఇబ్బందులు

కదలగానే ఇంజన్ ఆగిపోతోంది. క్లచ్ హాఫ్ క్లచ్ దాటి త్వరగా వదులుతున్నారు. బండి రెండు మీటర్లు కదిలేదాకా వేళ్లు అక్కడే ఉంచండి. పొరపాటున సెకండ్‌లో మొదలుపెట్టారేమో కూడా చూడండి.

యాక్సిలరేటర్ మూసి తెరిచిన ప్రతిసారీ జెర్క్. ముందు చైన్ చూడండి. అది సరిగానే ఉంటే మణికట్టు కిందికి దించి, మోచేయి వదులుగా పెట్టండి.

న్యూట్రల్ దొరకడం లేదు. బండి ఆగే ముందు, ఇంకా కొద్దిగా దొర్లుతుండగా సెకండ్ నుంచి కాలి బొటనవేలితో సగం నొక్కు నొక్కండి. ఆగాక వెతకడం దండగ.

ఇంజన్ అరుస్తోంది, స్పీడు పెరగడం లేదు. పై గేరులో ఎత్తెక్కేటప్పుడు ఇలా జరిగితే క్లచ్ జారుతున్నట్టే. లివర్ లూజు, ఆయిల్ రకం చూసి, అప్పటికీ తగ్గకపోతే ప్లేట్లు మార్పించాలి.

వెనక బ్రేకు వేసిన ప్రతిసారీ జారుతోంది. మడమ ఫుట్‌రెస్ట్ మీద ఆనించి, పాదం ముందు భాగంతోనే నొక్కండి. కాలు మొత్తం ఎత్తి తొక్కితే ఎంత నొక్కారో తెలియదు.

## 10. రోడ్డెక్కే ముందు, వెనక మనిషిని ఎక్కించుకునే ముందు

ఈ కిందివన్నీ ఆలోచించకుండా చెయ్యగలిగితేనే ట్రాఫిక్‌లోకి వెళ్లండి:

- నడక వేగంతో 20 మీటర్లు, కాలు కింద పెట్టకుండా
- కళ్లు కిందికి దించకుండా అన్ని గేర్లూ ఎక్కడం, దిగడం
- థర్డ్ నుంచి సెకండ్‌కి గుంజుడు లేకుండా
- ఎత్తు మీద వెనక్కి జారకుండా కదలడం
- 30 నుంచి గీత దగ్గర రెండు బ్రేకులతో, చక్రం లాక్ కాకుండా ఆగడం

వెనక మనిషి కూర్చుంటే లెక్క కొంత మారుతుంది. వెనక చక్రం మీద బరువు పెరిగి పట్టు పెరుగుతుంది, వెనక బ్రేకు కాస్త ఎక్కువ వాడుకోవచ్చు. కదలడానికి హాఫ్ క్లచ్ ఇంకొంచెం సేపు కావాలి, ప్రతి గేరూ కాస్త ఆలస్యంగా పెంచాలి. ఆగడానికి దూరం ఎక్కువ పడుతుంది. వెనక టైరులో గాలి ఇద్దరికి చెప్పిన కొలతకు పెంచండి. ఎక్కించుకునే ముందే ఆ మనిషికి ఒక మాట చెప్పండి: బండి ఆగినా కాళ్లు ఫుట్‌రెస్టుల మీదే ఉంచాలి, మలుపులో ఎదురు వైపు ఒరగకూడదు.